మా ఇంటి పాత దస్తావేజులో ‘తెల్లజాతివారికి మాత్రమే’ అన్న షరతు: కొట్టేయించాలా, ఉంచాలా?

మాధవి_మినియాపొలిస్
ఈ మధ్యే ఇక్కడ అమెరికాలో, మినియాపొలిస్ దక్షిణ భాగంలో ఒక పాత ఇల్లు కొన్నాం. ఊళ్ళో స్థలం కొనేటప్పుడు నాన్నగారు లింకు డాక్యుమెంట్లన్నీ వరసగా పేర్చుకుని చదివేవారు. ఆ అలవాటు నాకూ అబ్బింది. కౌంటీ కార్యాలయం నుంచి మా స్థలం పాత కాగితాలు తెప్పించుకున్నాను. 1920ల నాటి అమ్మకపు దస్తావేజులో ఒక షరతు ఉంది. ఈ స్థలాన్ని తెల్లజాతివారికి తప్ప మరెవరికీ అమ్మకూడదట, అద్దెకివ్వకూడదట. ఇతరులెవరూ ఇక్కడ నివసించకూడదట, ఇంటిపని చేసే నౌకర్లు తప్ప.

ఆస్తి హక్కు పత్రాలు పరిశీలించే టైటిల్ కంపెనీ ఆవిడను అడిగితే ‘అది చెల్లదు, పట్టించుకోకండి’ అంది. చెల్లదని నాకూ తెలుసు. అయినా నా పేరున్న ఆస్తి కాగితాల్లో ఆ మాట ఉండటం నాకు మింగుడుపడటం లేదు. దాన్ని కొట్టేయించడానికి దారి ఉందా? ఉన్నా కొట్టేయించడం సరైన పనేనా? మా వారు వద్దంటున్నారు, మా అమ్మాయి తీసేయమంటోంది. ఇలాంటిది ఎదురైనవారు చెప్పండి.

కృష్ణాతీరం
వదిలేయండి. బ్యాంకు అప్పిచ్చింది, రిజిస్ట్రేషన్ అయింది, తాళాలు మీ చేతికొచ్చాయి. సుప్రీంకోర్టు 1948లోనే చెల్లదన్న కాగితం గురించి ఇప్పుడు బాధపడటం ఎందుకు?

రవి_డాలస్
అసలు ఆ షరతు మనకు వర్తించేది కాదు. మానవశాస్త్రం ప్రకారం భారతీయులు కాకేసియన్లే, అంటే తెల్లవారి కోవలోనివారే. అది నల్లవారిని దృష్టిలో పెట్టుకుని రాసింది.

శ్రీను_సెయింట్‌లూయిస్
@కృష్ణాతీరం 1948 తీర్పు వచ్చింది మా ఊరి కేసులోనే. మిసిసిపి నుంచి వచ్చిన షెల్లీ అనే నల్లజాతి దంపతులు ఆరుగురు పిల్లలతో 1945లో లబాడీ వీధిలో ఇల్లు కొన్నారు. ఆ స్థలానికి 1911 నుంచి ఇలాంటి షరతే ఉంది. కొన్ని వీధుల అవతల ఉండే క్రేమర్ కుటుంబం వాళ్ళను ఖాళీ చేయించమని కోర్టుకెక్కింది. మిస్సోరీ సుప్రీంకోర్టు క్రేమర్ల పక్షమే తీసుకుంది. చివరికి 1948 మే 3న అమెరికా సుప్రీంకోర్టు ఆరుగురు జడ్జీల ఏకాభిప్రాయంతో షెల్లీలను నిలబెట్టింది. మిగతా ముగ్గురు జడ్జీలు విచారణ నుంచి తప్పుకున్నారు. వాళ్ళ సొంత ఇళ్ళకే ఇలాంటి షరతులు ఉండటమే కారణమని అప్పటి నుంచీ చెప్పుకుంటారు.

అయితే ఆ తీర్పు షరతును అమలు చేయడానికి కోర్టులు సాయపడకూడదని మాత్రమే చెప్పింది. రాసుకోవద్దని చెప్పలేదు, ఇష్టపడి పాటించవద్దనీ చెప్పలేదు. కాబట్టి ఆ తర్వాత కూడా రాసుకున్నారు, పాటించారు. అమ్మకంలో, అద్దెలో జాతిభేదాన్ని నేరుగా నిషేధించిన చట్టం 1968 ఏప్రిల్ 11న గాని రాలేదు. మార్టిన్ లూథర్ కింగ్‌ను మెంఫిస్‌లో కాల్చి చంపిన వారానికి వచ్చింది. మధ్యలో 20 ఏళ్ళు గడిచిపోయాయి. ఆ 20 ఏళ్ళలోనే ఈ దేశంలో శివారు కాలనీలు వెలిశాయి.

విశాల
@రవి_డాలస్ గారు, మీరు చేసిన వాదనే భగత్ సింగ్ థింద్ అమెరికా సుప్రీంకోర్టులో చేశారు. ఆయన అమృత్‌సర్ ప్రాంతంవారు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశారు. 1790 చట్టం వలసవచ్చినవారిలో తెల్లవారికే పౌరసత్వం ఇచ్చింది. అంతర్యుద్ధం తర్వాత, 1870లో, దాన్ని ఆఫ్రికా సంతతివారికీ విస్తరించారు. మధ్యలో ఉన్న ఆసియావాసులకు చోటు లేదు. నేను కాకేసియన్‌ని, ఆర్యుణ్ణి కాబట్టి తెల్లవాణ్ణే అన్నారు థింద్. 1923 ఫిబ్రవరి 19న కోర్టు ఆ వాదనను కొట్టేసింది. శాస్త్రవేత్తలు ఏమన్నా సరే, మామూలు జనం దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావు అని తేల్చింది. దానికి మూడు నెలల ముందు ఒక జపాన్ దేశస్థుడి కేసులో, తెల్లవాడంటే కాకేసియన్ అని రాసిన న్యాయమూర్తి సదర్లాండే ఈ తీర్పూ రాశారు. జపానువాడికి ఒక కొలబద్ద, భారతీయుడికి ఇంకొకటి. రెండుసార్లూ తలుపు మూసుకుంది.

ఆ తీర్పు తర్వాత అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల నుంచి కూడా దాన్ని వెనక్కి లాక్కున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడిపిన వైష్ణో దాస్ బగాయ్ అలా ఏ దేశానికీ చెందనివాడయ్యారు. 1928లో ప్రాణం తీసుకున్నారు, కారణమేమిటో లేఖ రాసిపెట్టి మరీ.

మాధవి గారి దస్తావేజులో ఆ వాక్యం రాసిన రోజుల్లో మనవాళ్ళెవరైనా ఆ ఇంటి తలుపు తట్టి ఉంటే జవాబు ఏమై ఉండేదో ఇక ఊహించుకోవచ్చు.

అరుణ_హనుమకొండ
థింద్ కేసులో అందరూ దాటేసే ముక్క ఒకటుంది, అదీ చెప్పుకోవాలి. ఆయన తరఫు వాదనలో అగ్రకులస్థుడు అన్నది ఒక అర్హతగా చూపించారు. అమెరికన్ తెల్లవాడు పెళ్ళి విషయంలో నల్లవాణ్ణి ఎలా చూస్తాడో, మా దేశంలో అగ్రకులస్థుడు ఆదిమ జాతులవారిని అలాగే చూస్తాడు అని రాసి ఇచ్చారు. కిందివాణ్ణి తొక్కే అలవాటు మాకూ ఉంది, కాబట్టి మమ్మల్ని మీలో కలుపుకోండి అన్నమాట. ఆ వాదన ఓడిపోయినందుకు నాకు ఏ బాధా లేదు. ఆయన పౌరసత్వం పోయినందుకు మాత్రం బాధే.

రవి_డాలస్
అంత లోతు నాకు తెలియదు. నేను శాస్త్రం మాట మాత్రమే చెప్పాను. అయినా అవన్నీ వందేళ్ళ కిందటివి. మనం చదువుతో వచ్చాం, కష్టపడి సంపాదించి ఇళ్ళు కొనుక్కున్నాం. ఎవరి పోరాటం వల్లనో వచ్చిన ఇళ్ళు కావు.

డాక్టరు_బాబాయి
రవీ, నేను 1969లో డెట్రాయిట్ వచ్చాను. గుంటూరులో వైద్యం చదివాను. నాకంటే తెలివైన సీనియర్లు పదేళ్ళ ముందు ఇక్కడికి రావాలనుకుంటే కుదరలేదు. చదువు లేక కాదు. 1946 చట్టం ప్రకారం భారతదేశం మొత్తానికి ఏడాదికి 100 మంది కోటా. ఆ గేటు తెరిచింది 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం. దానికి ముందేడాది పౌరహక్కుల చట్టం, ఆ ఏడాది ఆగస్టులోనే ఓటుహక్కు చట్టం వచ్చాయి. మూడూ ఒకే ఊపులో వచ్చినవి. సొంత పౌరుల మధ్య జాతిభేదం తప్పని ఒప్పుకున్న దేశం, వలసదారుల్ని జాతిని బట్టి ఏరుతున్నామని ప్రపంచం ముందు చెప్పుకోలేకపోయింది. నల్లవారి ఓటుహక్కు కోసం ఊరేగుతూ అలబామాలోని సెల్మా వంతెన మీద 1965 మార్చి 7న లాఠీదెబ్బలు తిన్నవాళ్ళు నాకు వీసా తెచ్చిపెట్టారని నేను నా పిల్లలకు చెబుతాను. ఇప్పుడు మనవలకూ చెబుతున్నాను.

ఇంకొకటి. 1971లో ఇల్లు వెతుక్కుంటూ ఫోను చేస్తే భాగం ఖాళీగా ఉందనేవారు. వెళ్ళి నిలబడితే ఇప్పుడే ఇచ్చేశామనేవారు. మా ఆసుపత్రిలో పనిచేసే ఒక నల్లజాతి నర్సు నన్ను కూర్చోబెట్టి, ఇది చట్టవిరుద్ధం, ఫలానా చోట ఫిర్యాదు చెయ్యి అని చెప్పింది. అలాంటి చట్టమొకటి ఉందన్న సంగతే అప్పటిదాకా నాకు తెలియదు. ఆవిడకు తెలుసు, ఎందుకంటే దానికోసం వీధుల్లో నడిచింది ఆవిడవాళ్ళు.

కృష్ణాతీరం
బాబాయిగారూ, ఈ మాట మీద నాకు వేరే అభిప్రాయం లేదు. నేను ఆ కాగితం గురించి మాత్రమే అన్నాను.

గ్రంథాలయం_గది
మాధవి గారు, మీ ఊరి గురించి కొంచెం వివరంగా చెబుతాను. నేను అక్కడే చదువుకున్నాను.

మినియాపొలిస్‌లో ఇలాంటి మొదటి షరతు 1910లో రాశారు. అందులో చైనీయులు, జపానీయులు, టర్కులు, నీగ్రోలు, మంగోలులు అంటూ పేరు పేరునా జాబితా ఉంటుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 2016లో మొదలైన ‘మ్యాపింగ్ ప్రెజుడీస్’ బృందం పాత దస్తావేజులను కంప్యూటరుతో వెతికించి, స్వచ్ఛంద కార్యకర్తలతో చదివించి, ఒక్క నగరంలోనే 8 వేలకు పైగా తేల్చింది. వాళ్ళ పటంలో మీ వీధి కూడా కనబడవచ్చు, చూడండి.

షరతు లేని చోట జనమే షరతు అయ్యారు. 1931లో ఆర్థర్ లీ, ఈడిత్ లీ అనే నల్లజాతి దంపతులు 46వ వీధి, కొలంబస్ అవెన్యూ మూలలో చిన్న ఇల్లు కొన్నారు. ఆయన ప్రపంచ యుద్ధంలో పోరాడిన సైనికుడు, తపాలా ఉద్యోగి. జులైలో రాత్రి తర్వాత రాత్రి వేలమంది ఆ ఇంటిని చుట్టుముట్టి రాళ్ళు విసిరారు. తోటి తపాలా ఉద్యోగులు వచ్చి కాపలా కాశారు. లీనా ఆలివ్ స్మిత్ అనే నల్లజాతి న్యాయవాది వాళ్ళ తరఫున నిలబడింది. ఇల్లు అమ్మేసి వెళ్ళిపొమ్మన్న సలహాలను కాదని ఆ కుటుంబం కొన్నాళ్ళు పంతంగా అక్కడే ఉంది. ఆ తర్వాత వెళ్ళిపోయింది. ఇప్పుడా ఇల్లు జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో ఉంది. మీకు దగ్గరే, అమ్మాయిని తీసుకెళ్ళి చూపించండి.

మాధవి_మినియాపొలిస్
మాకు చాలా దగ్గర. ఎన్నిసార్లో ఆ దారిన వెళ్ళాను, ఈ కథ ఎవరూ చెప్పలేదు. ఈ ఆదివారం తప్పకుండా వెళతాం.

మురళి_అట్లాంటా
అందరూ ఆవేశంగా ఉన్నారు కాబట్టి ఒక మాట అడుగుతాను. తమవాళ్ళ మధ్య ఉండాలనుకోవడం మనిషి స్వభావం కాదా? మనం మాత్రం గుడి ఎక్కడుంది, తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారు అని చూసుకుని ఇల్లు కొనడం లేదా?

లక్ష్మి_న్యూజెర్సీ
నేను ఇళ్ళ ఏజెంటును. ‘మనవాళ్ళు ఎక్కువున్న కాలనీ చూపించండి’ అని వారానికొకరైనా అడుగుతారు. నేను చెప్పను. చెప్పకూడదు. ఏ జాతివాళ్ళు ఎక్కడున్నారన్న లెక్కతో కొనేవారిని ఒక వైపు నడిపించడం 1968 చట్టం కింద తప్పు. గుడి చిరునామా మీకు తెలుసు, దాని చుట్టుపక్కల ఇల్లు చూపించమంటే చూపిస్తాను.

మురళి గారూ, మీరు మీ ఇష్టంతో ఒక చోటికి వెళ్ళడం మీ స్వేచ్ఛ. ఇంకొకరు మీ పక్కకు రాకుండా ఆపడం వాళ్ళ స్వేచ్ఛను దోచుకోవడం. రెండింటినీ ఒక గాటన కట్టవద్దు.

నల్లరేగడి
పైగా అది ‘స్వభావం’ వల్ల జరగలేదు, ప్రభుత్వం డబ్బు పెట్టి జరిపించింది. 1930లలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాల పటాలు గీయించి, నల్లవారున్న ప్రాంతాలకు ఎర్రరంగు వేసి, ఇక్కడ అప్పివ్వడం ప్రమాదమని గుర్తుపెట్టింది. 1934లో ఏర్పడిన కేంద్ర గృహ నిర్మాణ సంస్థ ఇళ్ళ అప్పులకు హామీ ఉండేది. దాని 1938 నియమావళి జాతి షరతులు ఉండటం మంచిదని సిఫారసు చేసింది. అంటే బిల్డరుకు ప్రభుత్వ హామీ దొరకాలంటే కాలనీలో నల్లవారు లేకుండా చూసుకోవడం లాభం. న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్ అనే శివారు కాలనీ అలా వెలసిందే. యుద్ధం నుంచి తిరిగివచ్చిన తెల్ల సైనికుడు అక్కడ ఇల్లు తీసుకోగలిగాడు, అతని పక్కన పోరాడిన నల్ల సైనికుడు తీసుకోలేకపోయాడు.

ఇల్లంటే నిలవ ఉండే ఆస్తి. కొడుకు చదువుకు కుదువపెట్టేది, ముసలితనంలో అమ్ముకునేది అదే. 2022 ఫెడరల్ రిజర్వ్ సర్వే చూడండి: తెల్ల కుటుంబాల మధ్యస్థ ఆస్తి (వరసలో సరిగ్గా నడుమ ఉన్న కుటుంబానిది) 2,85,000 డాలర్లు, నల్ల కుటుంబాలది 44,900. కష్టపడితే వస్తుంది అనేవారు ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరంలో కష్టం పాలెంతో, ఆ దస్తావేజుల పాలెంతో ఆలోచించాలి.

మురళి_అట్లాంటా
ప్రభుత్వ పాత్ర ఇంత ఉందని అనుకోలేదు. కానీ ఉత్తరాదిలో ఇంత జరిగిందా? మేము దక్షిణాది రాష్ట్రాల గురించే వింటాం.

శ్రీను_సెయింట్‌లూయిస్
ఉత్తరాన చట్టం పేరు పెట్టకుండా జరిగింది, అంతే తేడా. 1966లో కింగ్ షికాగోలో ఇళ్ళ విషయంలో సమానత్వం కోసం ఊరేగింపు తీశారు. మార్క్వెట్ పార్కు దగ్గర ఆయన తలకు రాయి తగిలింది. ఇంత ద్వేషంతో ఊగిపోయే గుంపులను మిసిసిపిలో కూడా చూడలేదని ఆయనే అన్నారు. కాలిఫోర్నియా సంగతి చూడండి: 1963లో రాష్ట్రం ఇళ్ళ విషయంలో భేదభావాన్ని నిషేధిస్తే, 1964లో ప్రజలే భారీ మెజారిటీతో ఓటేసి దాన్ని రద్దు చేశారు. 1967లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. బేస్‌బాల్ ఆటగాడు విల్లీ మేస్ అంతటివాడికే 1957లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదట ఇల్లు అమ్మేది లేదన్నారు.

అరుణ_హనుమకొండ
మనం ఇక్కడ అవతలివారి తప్పులు ఇంత బాగా లెక్కపెడుతున్నాం కాబట్టి మన గుమ్మం సంగతి కూడా మాట్లాడుకోవాలి. మా తమ్ముడు హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతుకుతుంటే ఫోనులో మొదటి ప్రశ్న జీతమెంత అని కాదు, ‘మీరేమిట్లు?’ అని. జవాబు చెప్పాక ఇల్లు ఖాళీ లేదు. డాక్టరు బాబాయిగారికి డెట్రాయిట్‌లో జరిగిందీ ఇదే కదా. బాబాయిగారికి ఫిర్యాదు చేయడానికి ఒక చట్టం ఉంది. మా తమ్ముడికి రాజ్యాంగంలో 15వ అధికరణ ఉంది, అంటరానితనాన్ని నిషేధించే 17 ఉంది. కానీ ప్రైవేటు ఇంటి అద్దెలో కులం చూడవద్దని సూటిగా చెప్పే చట్టం ఏదో ఎవరైనా చూపించండి.

ఆ ‘మీరేమిట్లు’ ఇక్కడికీ విమానమెక్కి వచ్చింది. బేస్‌మెంటు అద్దెకు అని తెలుగువాళ్ళు పెట్టే ప్రకటనలు చదవండి.

మురళి_అట్లాంటా
శాకాహారి కావాలనడం కులం కాదు కదా. వంటగది ఒకటే అయినప్పుడు ఆ మాత్రం అడగకూడదా?

అరుణ_హనుమకొండ
వంటగది గురించి అడగండి, ఎవరు కాదన్నారు? ఇంటిపేరు, సొంత ఊరు, ఊళ్ళో ఏ వీధి అన్న ప్రశ్నలు వంటగదికి ఎందుకు?

లక్ష్మి_న్యూజెర్సీ
ఇది చాలామందికి తెలియదు కాబట్టి రాస్తున్నాను. యజమాని అదే ఇంట్లో ఉంటూ నాలుగుకు మించని భాగాలున్న ఇంట్లో అద్దెకిస్తే 1968 చట్టంలో కొంత మినహాయింపు ఉంది. కానీ ప్రకటనలో జాతి, మతం, పుట్టిన దేశం చూస్తామని రాయడానికి ఆ మినహాయింపు లేదు. జాతి కారణంగా నిరాకరించడాన్ని 1866 నాటి పౌరహక్కుల చట్టం నిషేధిస్తుంది, దానికి ఈ మినహాయింపు వర్తించదు. 1968 జూన్‌లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. కులం విషయానికొస్తే, 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం మొదటిసారి తన చట్టంలో ఆ పదం చేర్చింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నరు వెనక్కి పంపారు, ఉన్న చట్టాలే సరిపోతాయని.

ఒక తెలుగు యజమాని తన రెండో ఇంటిని చూడటానికి నల్లజాతి కుటుంబం వస్తే, ఖాళీ లేదని చెప్పమని నన్ను అడిగారు. ఆ రోజే ఆయన పని మానేశాను. ఆయన ఇద్దరు పిల్లలూ ఇక్కడే పుట్టి పౌరులయ్యారు. బానిసత్వం నుంచి బయటపడ్డవారి కోసం 1868లో అమెరికా రాజ్యాంగానికి చేసిన 14వ సవరణ వల్లనే అది సాధ్యమైంది.

డాక్టరు_బాబాయి
లక్ష్మీ, మంచి పని చేశావమ్మా.

రవి_డాలస్
ఈ 14వ సవరణ మీద నాకు ఆసక్తి ఉంది. హెచ్-1 మీద ఉన్న మా స్నేహితులకు పిల్లలు పుట్టబోతున్నారు. తాత్కాలిక వీసాల మీద ఉన్నవారి పిల్లలకు పుట్టుకతో పౌరసత్వం ఉండదంటూ 2025 జనవరిలో వచ్చిన ఉత్తర్వు దగ్గర నుంచి నిద్ర లేదు వాళ్ళకు.

విశాల
ఆ ఉత్తర్వుకు వ్యతిరేకంగా కోర్టులకు వెళ్ళినవారందరూ ఎత్తి చూపేది వాంగ్ కిమ్ ఆర్క్ కేసు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన చైనీయుల బిడ్డ, వంటవాడు. చైనా వెళ్ళి తిరిగి వస్తుంటే ఓడ దిగనివ్వలేదు. ఇక్కడ పుట్టినవాడు పౌరుడే అని 1898లో సుప్రీంకోర్టు తేల్చింది. మనకు దక్కినవి ఎవరి పోరాటం వల్లనో వచ్చినవి కావన్న మీ మాటకు ఇంతకంటే దగ్గరి జవాబు నాకు తోచడం లేదు.

రవి_డాలస్
ఆ కేసు చదువుతాను. వాళ్ళకూ పంపిస్తాను.

గ్రంథాలయం_గది
అసలు ప్రశ్నకు జవాబు మిగిలిపోయింది. మిన్నెసోటాలో 2019 చట్టం ప్రకారం మీ షరతును తొలగిస్తున్నట్టు ఒక పత్రం కౌంటీలో నమోదు చేయించవచ్చు. ‘జస్ట్ డీడ్స్’ అన్న కార్యక్రమంలో చేరిన నగరాల్లో న్యాయవాదులు ఉచితంగా సాయం చేస్తారు. పాత దస్తావేజు చెరిగిపోదు. ఆ కాగితం అలాగే ఉంటుంది, దాని తర్వాత మీ పత్రం చేరుతుంది. కాబట్టి చరిత్రను తుడిచేస్తున్నామన్న భయం మీ వారికి అక్కర్లేదు.

నల్లరేగడి
నమోదు చేయించండి. కానీ అక్కడితో చేతులు దులుపుకోకండి. మీ వీధిలో ఎవరికైనా ఈ సంగతి తెలుసా? కాలనీ సమావేశంలో చెప్పండి. పెరట్లో గోంగూర నాటండి, మొదటి కోత ఇరుగుపొరుగుకు పంచుతూ చెబితే ఇంకా బాగా వింటారు.

మాధవి_మినియాపొలిస్
గోంగూర ఇప్పటికే మొలకెత్తింది. పత్రం వేయిస్తున్నాను. మా వారు ఈ చర్చంతా చదివి, తనే న్యాయవాదికి ఫోను చేస్తానన్నారు.

సియాటిల్_సుధ
వాషింగ్టన్ రాష్ట్రంలో ఇంకో అడుగు ముందుకు వేశారు. 2023లో చేసిన చట్టం ప్రకారం ఆస్తి పత్రాల నమోదుకు 100 డాలర్ల రుసుము వసూలు చేసి, ఈ షరతుల వల్ల నష్టపోయిన కుటుంబాలకు మొదటి ఇల్లు కొనుక్కోవడానికి వడ్డీ లేని అప్పు ఇస్తున్నారు. అర్హుల జాబితాలో నల్లవారు, ఆదివాసులు, హిస్పానిక్‌లు, కొరియన్లతో పాటు భారతీయులూ ఉన్నారు.

కృష్ణాతీరం
భారతీయులంటే మనకూ వస్తుందా?

సియాటిల్_సుధ
1968 ఏప్రిల్‌కు ముందు మీరో మీ తల్లిదండ్రులో పూర్వీకులో ఈ రాష్ట్రంలో నివసించి ఉండాలి. కాబట్టి హెచ్-1 మీద వచ్చిన మన తరానికి రాదు, రాకూడదు కూడా. అది ఇక్కడి మిల్లుల్లో, పొలాల్లో పనిచేసిన పాత పంజాబీ కుటుంబాల వంటివారి కోసం. 1907 సెప్టెంబరులో బెల్లింగ్‌హామ్‌లో కలప మిల్లుల్లో పనిచేసే పంజాబీ కూలీలను వందలాది మంది తెల్లవారి గుంపు కొట్టి, ఊరి నుంచి తరిమేసింది. వాళ్ళ పేర్లు కూడా చాలావరకు దొరకవు.

విశాల
మా ఆఫీసులో ఒక అమ్మాయి ఉంది. వాళ్ళ తాతగారు 1950లలోనే యాకిమా వైపు పొలాల్లో పనిచేసేవారని చెబుతుంది. ఇప్పటికీ అద్దె ఇల్లే. ఏయే కాగితాలు కావాలి?

సియాటిల్_సుధ
తాతగారు అప్పట్లో ఇక్కడ ఉన్నట్టు చూపే రుజువు ఏదైనా సరే: జనన ధృవపత్రం, పెళ్ళి కాగితం, బడి రికార్డు, జనాభా లెక్కల పత్రం. ఆదాయ పరిమితి కౌంటీని బట్టి మారుతుంది. రాష్ట్ర గృహ ఆర్థిక కమిషన్ గుర్తించిన అప్పిచ్చేవారి దగ్గర దరఖాస్తు చేయాలి. ఆ అమ్మాయిని నాతో మాట్లాడమనండి, జాబితా పంపిస్తాను.